ఎండను వాకిట్లోనే ఆపే ఇల్లు

మెట్ట ప్రాంతంలో మనిషికి తిండి, నీళ్ల తరవాత కావలసింది నీడ. ఆ నీడను ఏడాది పొడుగునా, తరతరాల పాటు ఇవ్వవలసింది ఇల్లు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో గడిచిన యాభై ఏళ్లలో ఇల్లు గట్టిపడింది. వానకు కారడం తగ్గింది. పాములు, తేళ్లు గోడల్లో కాపురం ఉండడం తగ్గింది. అదే కాలంలో ఎండాకాలపు రాత్రి ఇంట్లో నిద్రపోవడం కష్టమైంది. ఈ రెండు మార్పులూ ఒకే నిర్మాణంలోంచి వచ్చాయి కాబట్టి వాటిని కలిపే అర్థం చేసుకోవాలి.

నల్లగొండ జిల్లా మర్రిగూడలో జరుగుతున్న ఈ స్మారక సభ ఆ పనికి తగిన చోటు. ఈ ఉపన్యాసం ఈ నేల మీద ఇళ్లు కట్టి, ఏ గోడ మీదా తమ పేరు చెక్కుకోకుండా వెళ్లిపోయిన వారి స్మృతికి అంకితం: రాయి కొట్టిన వడ్డెరలు, మట్టిగోడలు పెట్టిన ఉప్పరులు, దూలాలు చెక్కిన వడ్రంగులు, పెంకులు కాల్చిన కుమ్మరులు.

ఇక్కడ ప్రతిపాదించదలచిన విషయం ఒక్కటే. ఈ వాతావరణంలో చల్లదనం మొదట కట్టడంలో ఉండాలి, యంత్రం ఆ తరవాతి మాట. అలాంటి కట్టడం, ముఖ్యంగా ఇంటి కప్పు, ఒక్కొక్కరు తమ తాహతు కొద్దీ చూసుకునే సంగతిగా మిగలకూడదు. మంచినీళ్లలాగే అది కూడా ఉమ్మడి బాధ్యత కావాలి.

ఎండ ఎక్కడి నుంచి వస్తుంది

మర్రిగూడ భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఇంటి నిర్మాణానికి సంబంధించిన సగం సంగతులు ఈ అంకెలోనే ఉన్నాయి. మే రెండో వారం మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్య రోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. డిసెంబరులో దక్షిణానికి దిగి, నడిమధ్యాహ్నం కూడా సుమారు యాభై డిగ్రీల ఎత్తుకు మించడు.

దీన్నిబట్టి మూడు విషయాలు తేలుతాయి. ఎండలు ముదిరిన నెలల్లో దక్షిణపు గోడ మీద మధ్యాహ్నపు ఎండ దాదాపు పడదు. తూర్పు, పడమటి గోడల మీద మాత్రం ఎండ వాలుగా, సూటిగా పడుతుంది. వీటన్నిటికీ మించి, ఒంటి అంతస్తు ఇంటికి ఎండాకాలం వచ్చే వేడిలో ఎక్కువ భాగం పైకప్పు మీదే పడుతుంది. పల్లెటూరి ఇళ్లలో అత్యధికం ఒంటి అంతస్తువే. కాబట్టి ఇక్కడ ఇంటి వేడి అంటే ప్రధానంగా కప్పు వేడి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పిన కాలం కొత్తది కాదు. ఎర్ర చల్క నేలలు, పలచని చెట్లు, బయటపడ్డ గ్రానైటు గుట్టలు పగలంతా కాగుతాయి. కొత్తగా వచ్చింది రాత్రి మార్పు. పూర్వం పొద్దు గూకాక నేల త్వరగా చల్లారేది. ఇప్పుడు ఎండలు ముదిరిన రోజుల్లో తెల్లవారుజామున కూడా 30 డిగ్రీలకు అటూ ఇటూ నిలిచే రాత్రులు వస్తున్నాయి. భారత వాతావరణ శాఖ దగ్గర 1901 నుంచి ఉన్న లెక్కల్లో 2024 అత్యంత వేడి సంవత్సరం. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి అధికారిక లెక్కల ప్రకారమే రెండు వేల మందికి పైగా చనిపోయారు. తెలంగాణలో ఎక్కువ మరణాలు నమోదైన జిల్లాల్లో నాటి ఉమ్మడి నల్లగొండ ఒకటి.

వడదెబ్బ అనగానే ఎండలో పనిచేసే కూలీ గుర్తుకు వస్తాడు. ఆ గుర్తింపు న్యాయమే. అయితే పగలు ఎండలో అలసిన శరీరం రాత్రి చల్లబడితేనే మరునాటి ఎండను తట్టుకుంటుంది. రాత్రి కూడా సెగ చిమ్మే గదిలో పడుకున్న వృద్ధులు, బాలింతలు, పసిపిల్లలు, మంచం పట్టినవారు పొలం గట్టు తొక్కకుండానే ఆ దెబ్బ తింటారు. అందువల్ల ఇల్లు ఆరోగ్య విషయం కూడా.

మిద్దె నుంచి స్లాబు దాకా

ఈ ప్రాంతపు పాత ఇళ్లు నాలుగు రకాలు: గడ్డి గుడిసె, పెంకుటిల్లు, మిద్దె, నడుమ ఆకాశం కనిపించే భవంతి ఇల్లు. వీటిలో మిద్దె నిర్మాణం ప్రత్యేకంగా పరిశీలించదగింది. అడుగున్నర నుంచి రెండడుగుల మందం గల రాతి, మట్టి గోడలు. వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటిపైన దగ్గరదగ్గరగా పరిచిన చెక్కలు. ఆపైన ఆకు, గడ్డి, దాని మీద తొక్కి గట్టిపరచిన మట్టి, అన్నిటికీ పైన చౌడు. ఈ చౌడు ఎంపికలో గొప్ప అనుభవ జ్ఞానం ఉంది. చౌడులోని సోడియం లవణాల వల్ల బంకమన్ను రేణువులు నీటిలో విడిపోయి, సందులు పూడ్చి, నీరు కిందికి దిగకుండా పొరలా పట్టేస్తాయి. పంట పండని నేల కప్పుకు పనికొచ్చింది.

అడుగు మందం మట్టి కప్పు వేడిని రెండు విధాల అడ్డుకుంటుంది. మట్టి గుండా వేడి కాంక్రీటు గుండా పోయినంత తేలికగా పోదు. పైగా ఆ మందం దాటేసరికి గంటలు గడుస్తాయి. మధ్యాహ్నం కప్పు మీద పడిన ఎండ అర్ధరాత్రి ప్రాంతానికి గాని లోపలి తలానికి చేరదు. చేరేసరికి బయట గాలి చల్లబడి ఉంటుంది, ఇంటివాళ్లు వాకిట్లో మంచాలు వేసుకుని ఉంటారు. అంటే పాత ఇల్లు ఒంటరిగా పనిచేయలేదు. పగలు లోపల, రాత్రి ఆరుబయట అనే జీవన పద్ధతితో కలిసి పనిచేసింది. గోడ మీది గవాచి పైకెక్కిన వేడిగాలిని వదిలేసేది. ఇంటి ముందు అరుగు, పంచ, తాటాకు పందిరి గోడను ఎండ తాకకుండా కాపాడేవి.

ఈ ఇల్లు ఎందుకు పోయిందో కూడా అంతే నిజాయితీగా చెప్పాలి. మృగశిర లోపు ఏటా చౌడు పోయించాలి. పోసిన ప్రతి పొరా దూలాల మీద బరువు పెంచుతుంది. ముసురు పట్టినప్పుడు నానిన మిద్దెలు కూలి మనుషులు చనిపోయిన సంఘటనలు ఇప్పటికీ వానాకాలపు వార్తల్లో కనిపిస్తూనే ఉన్నాయి. దూలాలకు కలప దొరకడం మానింది. చెదలు తప్పలేదు. కిటికీలు చిన్నవి కాబట్టి లోపల చీకటి, వంటింట్లో పొగ. అన్నిటికీ మించి మందపాటి గోడ, పెద్ద భవంతి అందరికీ దక్కలేదు. దొరల గడీలకు దక్కిన నీడ, ఊరి చివరి గుడిసెకు దక్కలేదు. పాత ఇంటిని గౌరవించడమంటే ఈ అసమానతను మరిచిపోవడం కారాదు.

సిమెంటు ఈ చరిత్రను మార్చింది. కృష్ణ ఒడ్డున ఉమ్మడి నల్లగొండలోని సున్నపురాయి నేలలు పెద్ద సిమెంటు పరిశ్రమకు చోటిచ్చాయి. 1979లో ఏర్పడిన ఉమ్మడి రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ, 1985 నాటి ఇందిరా ఆవాస్ యోజన, 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం, తెలంగాణ ఏర్పడ్డాక వచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్లు, 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్లు, అన్నీ పేదవాడికి పక్కా కప్పు ఇవ్వడమే లక్ష్యంగా పెట్టుకున్నాయి. ఆ లక్ష్యం గొప్పది. తలదాచుకునే చోటు లేని కుటుంబానికి నాలుగున్నర అంగుళాల స్లాబు గౌరవాన్నీ భద్రతనూ ఇచ్చింది. కాని పక్కా అనే మాటకు వాననూ గాలినీ తట్టుకోవడం అనే అర్థమే స్థిరపడింది. ఎండను తట్టుకోవడం అందులో చేరలేదు. స్లాబు స్తోమత కూడా లేనివారికి సిమెంటు రేకు, ఇనుప రేకు మిగిలాయి.

కప్పు లెక్క

నిర్మాణ శాస్త్రంలో కప్పు ఎంత వేడిని లోపలికి పంపుతుందో కొలవడానికి ఒక అంకె వాడతారు. కప్పుకు పైనా కిందా ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో అది చెబుతుంది. ఏ పూతా పొరా లేని నాలుగున్నర అంగుళాల స్లాబుకు ఈ అంకె సుమారు 3.5. కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరులో విడుదల చేసిన నివాస భవనాల నియమావళి, ఎకో నివాస్ సంహిత, కప్పుకు 1.2 మించరాదని చెప్పింది. అంటే పల్లెల్లోని మామూలు స్లాబు, నియమావళి అనుమతించినదానికి దాదాపు మూడు రెట్లు వేడిని దాటనిస్తోంది.

ఇందిరమ్మ ఇంటికి కనీస వైశాల్యం 400 చదరపు అడుగులు, అంటే సుమారు 37 చదరపు మీటర్లు. మే నెల మధ్యాహ్నం స్లాబు పైతలం 60 డిగ్రీలకు చేరి, గది 35 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, ఆ కప్పు గుండా మూడు వేల రెండు వందల వాట్ల వేడి లోపలికి దిగుతుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు మూడు, మధ్యాహ్నమంతా గదిలో ఆపకుండా వెలిగించి ఉంచినట్టు లెక్క. దానికింద తిరిగే ఫ్యాను చేయగలిగింది ఆ సెగను కిందికి తోయడమే.

అదే కప్పు మీద తెల్లని పూత ఉండి పైతలం 45 డిగ్రీల దగ్గర ఆగితే, దిగే వేడి పదమూడు వందల వాట్లకు తగ్గుతుంది. పూతకు తోడు కప్పును 1.2 స్థాయికి తెస్తే నాలుగు వందల యాభై వాట్ల లోపు. ఇవి స్థూలమైన లెక్కలు. కాంక్రీటు పగటి వేడిని దాచుకుని రాత్రి వదిలే తీరు వీటిలో చేరలేదు. అయినా ఏ దిశలో పనిచేయాలో ఇవి స్పష్టంగా చూపిస్తాయి.

తెల్లకప్పుకు హైదరాబాదులోనే రుజువు ఉంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు నగర పరిసరాల్లోని కార్యాలయ భవనాల మీద జరిపిన కొలతల్లో, మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే ఏసీ వాడే కరెంటులో 10 నుంచి 19 శాతం ఆదా అయింది. నల్లపూత ఉన్న కప్పును తెల్లగా మారిస్తే ఆదా 14 నుంచి 26 శాతం దాకా వెళ్లింది. ఏసీ లేని ఇంట్లో ఈ ప్రయోజనం బిల్లులో కనిపించదు, నిద్రలో కనిపిస్తుంది.

పల్లెలో దీనికి ఖరీదైన పెయింటే అక్కర్లేదు. రాతి సున్నాన్ని తొట్టిలో నానబెట్టి, బాగా విరిగాక వడగట్టి, పట్టు కోసం జిగురు కలిపి, కడిగి తడిపిన స్లాబు మీద కుంచెతో రెండు మూడు పూతలు వేయాలి. ఒక పూత నిలువుగా వేస్తే మరొకటి అడ్డంగా వేయాలి. పొద్దు వాలాక వేసి, మరునాడు పలచగా నీళ్లు చల్లితే పొడి రాలకుండా పడుతుంది. వాన దీన్ని కడిగేస్తుంది, దుమ్ము మసకబరుస్తుంది. కాబట్టి ఏటా ఉగాది లోపు మళ్లీ వేయాలి. పండుగకు గోడలకు సున్నం వేసే అలవాటు ఉన్న ఊళ్లకు ఆ అలవాటును మెట్లెక్కించి డాబా మీదికి తీసుకుపోవడం కష్టం కాదు. కొత్తగా కట్టే ఇంటికైతే తెల్లని పింగాణీ పెంకుల ముక్కలు పొదిగిన తలం ఎక్కువ కాలం నిలుస్తుంది.

వేడిని దాటనివ్వని పొరకు కూడా చాలా దారులున్నాయి. ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస చేసే సురికి పాత పద్ధతి. అది వేడిని తగ్గిస్తుంది గాని ఒక్కటే 1.2 స్థాయికి తేలేదు. ఖాళీ మట్టి మూకుళ్లను బోర్లించి వరసగా పేర్చి, పైన సన్నని గచ్చు పోస్తే లోపలి గాలి అడ్డుగా నిలుస్తుంది. కుమ్మరికి పని కూడా దొరుకుతుంది. అంగుళం మందం గల గట్టి నురుగు పలకలను స్లాబు మీద పరిచి పైన గచ్చు చేస్తే నియమావళి అడిగిన స్థాయి అందుతుంది. కేరళలో స్థిరపడి 2007లో మరణించిన వాస్తుశిల్పి లారీ బేకర్ స్లాబు అడుగు భాగంలో పాత పెంకులను పొదిగి, కాంక్రీటునూ ఖర్చునూ తగ్గించాడు. బలానికి పనికిరాని చోట కాంక్రీటు ఎందుకన్నదే ఆయన వాదన.

రేకుల ఇంటికి మార్గం వేరు. సిమెంటు రేకు పలచన కాబట్టి ఎండ తగిలిన కాసేపటికే అడుగుతలం కాగి, కింద కూర్చున్నవారి తల మీదికి సెగ చిమ్ముతుంది. రేకు మీద తెల్లపూత, రేకు కింద జానెడు ఖాళీ వదిలి వెదురు తడికో చాపో పలకో కట్టిన లోకప్పు, ఆ ఖాళీలో గాలి ఆడేందుకు రెండు కొసలా కంతలు, ఈ మూడూ కలిస్తే ఆ ఇల్లు మనిషి ఉండదగ్గదవుతుంది. ఎండాకాలం రేకుల మీద తాటిమట్టలు, వరిగడ్డి పరిచే అలవాటు ఈ ప్రాంతంలో ఉన్నదే. దాని వెనక ఉన్న సూత్రం సరైనది. నిప్పు భయం మాత్రం మరవకూడదు.

గోడ, దిక్కు, కిటికీ

కప్పు తరవాతి స్థానం పడమటి గోడది. మధ్యాహ్నం మూడు నుంచి పొద్దు గూకే దాకా ఎండ దాని మీద సూటిగా పడుతుంది. వాలుగా వచ్చే ఎండను కిటికీ పైని సన్‌షేడ్ ఆపలేదు. దక్షిణం వైపు మాత్రం రెండడుగుల సన్‌షేడ్ ఎండాకాలానికి సరిపోతుంది, చలికాలపు ఎండను లోపలికి రానిస్తుంది. కాబట్టి పొడవు తూర్పు పడమరలుగా, పెద్ద కిటికీలు ఉత్తర దక్షిణాలకు ఉండేట్టు ఇల్లు పెట్టుకోవడం మొదటి నియమం.

స్థలం ఆ వీలు ఇవ్వనప్పుడు పడమటి గోడకు నీడ కల్పించాలి. మేడమెట్లు, స్నానాలగది, సామాన్ల కొట్టు, గొడ్ల పాక ఆ వైపుకు వస్తే అవి ఎండను తమ మీద తీసుకుంటాయి. వేప, కానుగ ఆ వైపు నాటితే అయిదారేళ్లలో గోడకు నీడ పడుతుంది.

ఇక్కడ వాస్తు విశ్వాసంతో ఒక చిక్కు ఉంది. యజమాని పడకగది నైరుతిలో ఉండాలని ఎక్కువమంది కోరతారు. నైరుతి మూల గదికి దక్షిణం, పడమర రెండూ బయటి గోడలే. సాయంత్రపు ఎండంతా తాగి రాత్రి వదిలే గది అది. విశ్వాసాన్ని తోసిపుచ్చకుండానే దీనికి పరిష్కారం ఉంది. ఆ గది పడమటి గోడను మందంగా కట్టి, లోపలివైపు అలమారలు పెట్టి, కిటికీని దక్షిణానికి ఇచ్చి, బయట చెట్టు నాటితే ఇంటివారి నమ్మకమూ నిద్రా రెండూ నిలుస్తాయి. పల్లెలో ఇంటి ప్రణాళికను ఇంజనీరు కంటే ముందు వాస్తు చెప్పేవారు, మేస్త్రీ నిర్ణయిస్తారు. వేడి గురించిన జ్ఞానం వారికి చేరకపోతే మరెక్కడ చేరినా ప్రయోజనం తక్కువ.

గోడల విషయంలో బేకర్ ప్రచారం చేసిన ఎలుకబోను కట్టుబడి గమనించదగింది. ఇటుకలను పక్కకు నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి తొమ్మిదంగుళాల గోడ కడతారు. ఇటుక ఖర్చు సుమారు నాలుగో వంతు తగ్గుతుంది, లోపలి గాలి వేడికి అడ్డుపడుతుంది. పిల్లర్లు వేసి వాటి మధ్య నాలుగున్నర అంగుళాల గోడ నింపే ఇప్పటి పద్ధతి కంటే ఇది చల్లన. మేస్త్రీ చేయి తిరగడమే కావలసింది.

కిటికీలకు ఎకో నివాస్ సంహిత పొడివేడి మండలంలో గది నేలలో 10 శాతం, మిశ్రమ వాతావరణంలో 12.5 శాతం తెరుచుకునే వైశాల్యం ఉండాలని చెబుతుంది. వైశాల్యం ఎంత ముఖ్యమో, ఎదురెదురుగా ఉండడమూ అంతే ముఖ్యం. ఒకే గోడకు రెండు కిటికీలు పెట్టిన గదిలో గాలి ఆడదు. పైన వెంటిలేటర్ లేకపోతే వేడిగాలి స్లాబు కింద నిలిచిపోతుంది. ఎండాకాలంలో కిటికీ వాడే తీరు కూడా ముఖ్యం. పొద్దెక్కి బయట వేడి పెరగగానే మూయాలి, పొద్దు గూకి బయట చల్లబడ్డాక తెరవాలి. రాత్రి తెరవాలంటే ఇనుప చువ్వలు, దోమతెర ఉండాలి. దొంగ భయం, దోమల బాధ తీర్చని కిటికీ రాత్రంతా మూసే ఉంటుంది, గోడలు చల్లారే అవకాశం పోతుంది.

అయితే వేడెక్కుతున్న కాలం ఈ సూత్రానికి ఒక హద్దు పెడుతోంది. మందపాటి గోడ పగటి వేడిని దాచుకుని రాత్రి వదలాలంటే రాత్రి చల్లగా ఉండాలి. రాత్రి వేడి తగ్గనప్పుడు దాచుకున్న వేడి లోపలే మిగులుతుంది. అందుకే పాత మిద్దెను యథాతథంగా తిరిగి కట్టడం నేటి సమాధానం కాలేదు. వేడిని దాచుకోవడం కంటే అసలు లోపలికి రానివ్వకపోవడం ఇప్పుడు ముఖ్యం. నీడ, తెలుపు, గాలి పొర, ఈ మూడింటికీ ప్రాధాన్యం పెరిగింది.

గాలి, నీరు, యంత్రం

కట్టడం తన పని చేశాక మిగిలిన వేడికే యంత్రం కావాలి. మనిషికి ఎంత చల్లదనం అవసరమన్నది తొలి ప్రశ్న. వాస్తుశిల్పి, పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి 2008 ఎండాకాలంలో హైదరాబాదు అపార్టుమెంట్లలో చేసిన అధ్యయనంలో, ఏసీ లేకుండా ఫ్యాన్లతో బతికేవారికి సుమారు 29 డిగ్రీలు హాయిగా ఉన్నట్టు, 26 నుంచి 32.5 డిగ్రీల దాకా వారు సర్దుకోగలుగుతున్నట్టు తేలింది. అప్పటి ప్రమాణాలు చెప్పిన 23 నుంచి 26 డిగ్రీల కంటే ఇది చాలా ఎక్కువ. అంటే మన శరీరాలు అడిగేది మంచుగది కాదు. గదిని 32 డిగ్రీల లోపు ఉంచి, గాలి ఆడేట్టు చేయగలిగితే ఎక్కువ రోజులు గడిచిపోతాయి. ఆ పని చాలావరకు కప్పు చేయగలదు.

ఫ్యాను చౌకైన సాధనం. పాత ఫ్యాను 75 వాట్లు తింటే, కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలిని 30 వాట్ల చుట్టుపక్కల ఇస్తుంది. అయితే గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను మేలు చేయదని, శరీరాన్ని ఇంకా వేడెక్కించగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. కాగిన రేకు కింద ఫ్యానును నమ్ముకుని పడుకున్న వృద్ధుడికి ఇది ప్రాణాల మీది సంగతి.

పొడి ఎండల్లో కూలర్ బాగా పనిచేస్తుంది. వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చిలకరించిన పాత సూత్రమే అందులోనూ ఉంది. బయట 42 డిగ్రీలు ఉండి, గాలిలో తేమ 20 శాతం ఉంటే, మంచి కూలర్ నుంచి వచ్చే గాలి 27 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. తొలకరి పడి బయట 35 డిగ్రీలు, తేమ 60 శాతం అయితే అదే కూలర్ అయిదారు డిగ్రీలు తగ్గించడమే గగనం, పైగా ఉక్కపోత పెరుగుతుంది. దానికి రోజూ బిందెల కొద్దీ నీళ్లు కావాలి. బోరు నీటిలో లవణాలు ఎక్కువైన ఈ ప్రాంతంలో మెత్తలు తెల్లగా గారకట్టి త్వరగా పాడవుతాయి. నీటి ఎద్దడి ఉన్నచోట కూలర్ మీదే భరోసా పెట్టుకోలేము.

ఏసీ విషయంలో లెక్క ఇంకా స్పష్టం. గంటకు ఒక యూనిట్ చొప్పున రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 240 యూనిట్లు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద పేద కుటుంబాలకు అందుతున్న ఉచిత విద్యుత్తు 200 యూనిట్ల దాకానే. కప్పు వేడి తగ్గితే ఏసీ తక్కువ సేపు నడుస్తుంది, లేదా అక్కర్లేకుండానే పోతుంది. 2019 మార్చిలో వెలువడిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక, 2017-18 నుంచి 2037-38 నాటికి దేశంలో చల్లదనం అవసరం సుమారు ఎనిమిది రెట్లు పెరుగుతుందని అంచనా వేసింది. అదంతా యంత్రాలే తీర్చాలంటే ఆ కరెంటు కోసం ఇంకెంతో బొగ్గు కాలాలి, ఏసీ బయటికి వదిలే వేడి పక్కింటివాడి కిటికీలో పడాలి. అది చల్లదనాన్ని కొందరికి ఇచ్చి వేడిని మిగిలినవారికి పంచే దారి.

నియమం ఎవరి ఇంటిదాకా వచ్చింది

2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రభుత్వం కూల్‌రూఫ్ విధానం ప్రకటించింది. దేశంలో ఒక రాష్ట్రం ఇలాంటి విధానం తేవడం అదే మొదలు. 2028 నాటికి హైదరాబాదు ప్రాంతంలో 200, మిగిలిన రాష్ట్రంలో 100 చదరపు కిలోమీటర్ల చల్లకప్పులు దాని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు దాటిన స్థలాల్లోని ఇళ్లకు అది తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. ఎకో నివాస్ సంహిత కూడా 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లోని భవనాలనే దృష్టిలో పెట్టుకుంది.

చిన్న ఇంటి మీద నిబంధనల భారం మోపకూడదన్న ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం తిరగబడింది. ఏసీ కొనగలిగినవారి కప్పు నియమంలో చేరింది. ఏసీ లేనివారి కప్పు, ఎండ నేరుగా మనిషిని తాకే కప్పు, బయట మిగిలింది. చిన్న ఇంటికి నిబంధన పెట్టనప్పుడు సాయమైనా పెట్టాలి. ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వం అయిదు లక్షల రూపాయలు ఇస్తోంది. ముగ్గు పోసిన నాటి నుంచి పునాదికి, గోడలకు, స్లాబుకు దశలవారీగా బిల్లు వస్తుంది. ఆ దశల్లో తెల్లపూతకు, వేడిని ఆపే పొరకు ఒక పద్దు చేర్చి, దానికి అదనంగా డబ్బు ఇస్తే, కట్టేటప్పుడే పని జరిగిపోతుంది. కట్టిన తరవాత సరిదిద్దడం కంటే అది ఎప్పుడూ చౌక. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, వడదెబ్బకు చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షల రూపాయల సాయం ప్రకటించింది. చావు తరవాత అందే సాయాన్ని గుర్తించిన రాజ్యం, చావును ఆపే కప్పును కూడా గుర్తించడం తరవాతి అడుగు.

పై నుంచి ఇచ్చే ఇంటికి ఒక హెచ్చరిక కూడా చరిత్రలో ఉంది. ఈజిప్టులో హసన్ ఫతీ అనే వాస్తుశిల్పి 1945లో కొత్త గుర్నా అనే ఊరిని మట్టి ఇటుకలతో, గుమ్మటాలతో అద్భుతంగా కట్టడం మొదలుపెట్టాడు. శాస్త్రం ప్రకారం అవి చల్లని ఇళ్లు. కాని పాత ఊరి జనం అక్కడికి కదలడానికి ఒప్పుకోలేదు. బతుకుతెరువును, ఇష్టాన్ని పట్టించుకోని ఇల్లు ఎంత చల్లనిదైనా ఖాళీగా మిగులుతుంది. స్లాబు ఇంటి మీద పేదవాడి మక్కువ గౌరవంతో ముడిపడింది. దాన్ని తప్పుపట్టి మట్టి ఇంటికి పొమ్మనడం అన్యాయం. స్లాబును స్లాబుగానే ఉంచి, దాన్ని ఎండకు తట్టుకునేట్టు చేయడమే సరైన దారి.

నీరు నేర్పిన పాఠం

ఈ బాధ్యత ఉమ్మడిది ఎందుకు కావాలో చెప్పడానికి మర్రిగూడ కంటే మంచి సాక్ష్యం లేదు. ఇక్కడి గ్రానైటు పొరల్లోంచి నీటిలోకి దిగిన ఫ్లోరైడు, మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి ప్రాంతాల్లో తరాల తరబడి ఎముకలను వంచింది. చాలాకాలం అది ఆ నేల రాతగా, ఆ కుటుంబం దురదృష్టంగా చలామణి అయింది. జలసాధన సమితి వంటి ఉద్యమాలు ఆ భావాన్ని మార్చాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీచేసి, ఈ జిల్లా నీటి గోడును దేశం దృష్టికి తెచ్చారు. ఆ తరవాత కృష్ణా జలాలు కుళాయిల్లోకి వచ్చాయి. 2015 జూన్‌లో మిషన్ భగీరథ మంచినీటి పథకం పైలాన్ నాటి ఉమ్మడి నల్లగొండలోని చౌటుప్పల్‌లో వెలవడం ఆ చరిత్రకు కొనసాగింపే.

ఆ పోరాటం స్థిరపరచిన సూత్రం ఇది: ప్రకృతి నుంచి వచ్చిన హాని అయినా, దాన్ని ఆపే ఉపాయం తెలిసినప్పుడు, దాన్ని ఒంటరి కుటుంబానికి వదిలేయడం సమాజం చేసిన హాని అవుతుంది. ఎండ విషయంలోనూ ఉపాయం తెలుసు. సున్నం తెలుసు, మూకుడు తెలుసు, ఎలుకబోను గోడ తెలుసు, ఎదురెదురు కిటికీ తెలుసు. తెలియనిదేమీ లేనప్పుడు మిగిలింది వరస పెట్టుకుని చేయడమే.

ఆ వరస ఇలా ఉండాలి. మొదట ఊరిలోని రేకుల ఇళ్లు, వృద్ధులు ఒంటరిగా ఉన్న ఇళ్లు, అంగన్‌వాడీలు, బడులు గుర్తించి, ఎండాకాలం రాకముందే వాటి కప్పులకు తెల్లపూత వేయాలి. ఈ పనిని మహిళా సంఘాలకు అప్పగిస్తే ఏటా కొన్ని వారాల కూలి కూడా ఊళ్లోనే మిగులుతుంది. తరవాత, కొత్తగా మంజూరయ్యే ప్రతి ఇంటి అంచనాలో కప్పు రక్షణకు పద్దు ఉండాలి. మూడోది, ముగ్గు పోసే రోజునే దిక్కు, పడమటి నీడ, ఎదురెదురు కిటికీలు మేస్త్రీతో, ఇంటి ఇల్లాలితో కలిసి చర్చించే పద్ధతి పంచాయతీ స్థాయిలో రావాలి. నాలుగోది, మేస్త్రీలకు ఈ పనుల్లో శిక్షణ, ఆ శిక్షణకు గుర్తింపు. అయిదోది, ప్రతి ఇంటి పడమట రెండు చెట్లు. ఇవన్నీ జరిగాక ఫ్యాను, కూలర్, ఏసీ ఏది అవసరమో ఆ ఇంటివారు నిర్ణయించుకోవచ్చు. అప్పుడు ఆ యంత్రం చిన్నదైనా చాలుతుంది, దాని ఖర్చు ఆ కుటుంబం మోయగలుగుతుంది, కరెంటు పోయిన రాత్రి కూడా ఆ ఇల్లు మనిషిని కాపాడుతుంది.